తుప్పే కవచమయ్యే ఉక్కు: రాయలసీమ ఆరుబయటి కట్టడాలకు ఏ గ్రేడు? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కడప, కర్నూలు చుట్టుపక్కల గేట్లు, ఆర్చీలు, కాలిబాట వంతెనలు, హోటళ్ల ముఖద్వారాలు కట్టించేవారు కార్టెన్ ఉక్కు గురించి అడిగే సందేహాలు ఏళ్ల తరబడి ఒకేలా ఉన్నాయి. ఈ వారం ఒకరికి ఫోనులో చెప్పిన జవాబే వచ్చే వారం ఇంకొకరికి చెప్పాల్సి వస్తోంది. ఈలోగా ఎవరో ఒకరు తప్పు ప్లేటు కొని డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు ఏ దశలో సందేహం ఉంటే ఆ ప్రశ్న ఒక్కటే చదువుకోండి. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది.

## నిర్ణయం తీసుకునే ముందు

తుప్పు పట్టిందంటే ఉక్కు పాడైనట్టే కదా? దీనికి తుప్పే రక్షణ అంటారేమిటి?

మామూలు ఉక్కు మీద తుప్పు పొరలు పొరలుగా లేచి రాలిపోతుంది. రాలినచోట కొత్త లోహం బయటపడుతుంది, దానికీ తుప్పు పడుతుంది. కార్టెన్ రకం ఉక్కులో రాగి, క్రోమియం, నికెల్, కొన్ని గ్రేడులలో భాస్వరం కొద్ది కొద్దిగా కలిపి ఉంటాయి. వానకు తడిసి, ఎండకు ఆరి, మళ్లీ తడిసి ఆరుతున్నకొద్దీ ఈ మూలకాల వల్ల తుప్పులోని లోపలి పొర చిక్కగా, లోహానికి అతుక్కుని తయారవుతుంది. ఆ పొర నీటినీ గాలినీ లోపలికి సులువుగా పోనివ్వదు. తుప్పు పూర్తిగా ఆగదు, కానీ వేగం బాగా తగ్గిపోతుంది. అమెరికాలో యు.ఎస్. స్టీల్ సంస్థ 1933లో దీన్ని తెచ్చింది. మొదట వాడింది బొగ్గు మోసే రైలు వ్యాగన్లకు. భవనాలకు వాడటం 1964లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోలీన్‌లో ట్రాక్టర్ల సంస్థ జాన్ డీర్ ప్రధాన కార్యాలయంతో మొదలైంది.

మాకు నిజంగా ఇది అవసరమా? రంగు వేసిన మామూలు ఉక్కు సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. మన మూడు జిల్లాలూ పొడి ప్రాంతాలు. ఇక్కడ మామూలు ఉక్కు కూడా విశాఖలో పట్టినంత వేగంగా తుప్పు పట్టదు. చేతికి అందే ఎత్తులో ఉండి, ఆరేడేళ్లకొకసారి గీకి రంగు వేయగలిగే కట్టడమైతే ఐఎస్ 2062 ఉక్కు (మన దేశపు ప్రమాణం ప్రకారం చేసే మామూలు కట్టడపు ఉక్కు), మంచి ప్రైమరు, రెండు పూతల రంగు చాలు. కార్టెన్‌కు డబ్బు పెట్టడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ ఇటుక గోధుమ రంగే మీకు కావాలనుకోవడం. రెండు, రంగు వేయడానికి మళ్లీ చేరలేని చోటు, అంటే వాగు మీది వంతెన, రహదారి మీది ఎత్తైన ఆర్చి, కొండ అంచున కట్టిన వీక్షణ వేదిక. ఈ రెండూ కాకపోతే మామూలు ఉక్కే కొనమని చెబుతాను.

అనంతపురంలో వానలే తక్కువ. రక్షణ పొర అసలు కడుతుందా?

కడుతుంది, ఆలస్యంగా. పొర కట్టడానికి కావలసింది వాన ఎక్కువగా పడటం కాదు, తడి పొడి మారి మారి రావడం. అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. అయినా నైరుతి జల్లులు జూన్ నుంచి, ఈశాన్య జల్లులు అక్టోబరు నుంచి వస్తాయి, చలికాలపు మంచు కూడా కొంత తడి ఇస్తుంది. తడిసిన ప్లేటు ఇక్కడి ఎండకు గంటల్లో ఆరిపోవడం మనకు మేలు చేసే విషయం. వానలు బాగా పడేచోట ఏడాదిన్నర నుంచి మూడేళ్లలో పొర నిలదొక్కుకుంటుంది. మన దగ్గర మూడు నుంచి ఐదేళ్లు అనుకునే నేను మొదలుపెడతాను. రంగు కూడా చాలాకాలం నారింజ గోధుమ ఛాయలోనే ఉంటుంది. ఫొటోల్లో కనిపించే ముదురు చాక్లెట్ రంగు ఇక్కడ తొందరగా రాదని యజమానికి ముందే చెప్పాలి.

సముద్రం దూరం కాబట్టి మాకు ఉప్పు సమస్య లేనట్టేనా?

గాలిలో ఉప్పు సమస్య లేనట్టే. కడప నుంచి తూర్పు తీరం సుమారు 140 కిలోమీటర్లు, అనంతపురం, కర్నూలు ఇంకా దూరం. కార్టెన్‌కు అతి పెద్ద శత్రువు ఉప్పుగాలి. హవాయిలో 1975లో తెరిచిన అలోహా స్టేడియం ఈ ఉక్కుతోనే కట్టారు, సముద్రపు గాలికి తుప్పు ఆగక మరమ్మతులకు అంతు లేకుండా పోయింది. ఆ బెడద మనకు లేదు.

మన ఉప్పు గాలిలో లేదు, నేలలో ఉంది. చౌడు నేలల్లో నాటిన స్తంభం అడుగున, ఉప్పునీటి బోరుతో తడిపే తోటలో, స్ప్రింక్లర్ చిమ్మే జల్లు తగిలే గోడ మీద ఉప్పులోని క్లోరైడు పేరుకుంటుంది. బోరు నీళ్లు ఆరాక ప్లేటు మీద తెల్లటి చారలు కనిపిస్తే ఆ నీటిని వెంటనే మళ్లించండి.

మాది ఎర్రగుంట్ల దగ్గర. సిమెంటు దుమ్ము, థర్మల్ కేంద్రం పొగ ఉన్నచోట వాడొచ్చా?

వాడొచ్చు, జాగ్రత్తతో. పొగలోని గంధక వాయువు కొద్దిగా ఉంటే ఈ ఉక్కుకు హాని లేదు. చదరపు మీటరుకు రోజుకు 200 మిల్లీగ్రాములు మించి గంధక డయాక్సైడు పేరుకునే చోట రంగు వేయకుండా వాడకూడదని బ్రిటన్ వంతెనల నిబంధనలు చెబుతాయి. కట్టడం పొగగొట్టం కిందే ఉంటే తప్ప అంత చేరదు. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది దుమ్ము. అడ్డంగా ఉన్న అంచుల మీద దుమ్ము చేరి, జల్లుకు గట్టిపడి, దాని కింద తేమ నిలుస్తుంది. అలాంటి చోట అడ్డంగా ఉండే తలాలు తగ్గించి వాలుగా గీయించండి. ఏడాదికి రెండుసార్లు మంచినీటితో కడిగించండి.

## గ్రేడు ఎంచుకునేటప్పుడు

ఏ242, ఏ588, ఏ606, ఎస్355, ఐఆర్ఎస్ఎం 41... ఇన్ని పేర్లేమిటి? సూటిగా చెప్పండి.

అన్నీ ఒకే కుటుంబం. ఒక్కొక్క దేశం, ఒక్కొక్క వాడకం ఒక పేరు పెట్టింది. కార్టెన్ అనేది మొదట వ్యాపార నామం, ఇప్పుడు బజారులో అన్నిటికీ అదే పేరు.

ఏ242 పాత అమెరికా ప్రమాణం. కార్టెన్ ఏ దీని కిందికి వస్తుంది. భాస్వరం 0.15 శాతం వరకు ఉండవచ్చు, పలుచటి ప్లేటుకు తగినది. ఏ588 అంటే కార్టెన్ బీ. భాస్వరం తక్కువ, వెల్డింగుకు అనువు, 100 మి.మీ. మందం వరకు 345 మెగాపాస్కల్ సాగుబలం (శాశ్వతంగా సాగిపోయే ముందు ఉక్కు తట్టుకునే బలం) ఇస్తుంది. బరువు మోసే పనులకు ఇదే. ఏ606 టైప్ 4 అంటే షీటు, గోడల తొడుగులకు. యూరప్ ప్రమాణంలో ఎస్355 తర్వాత డబ్ల్యూపీ ఉంటే భాస్వరం ఎక్కువున్న రకం, ఉత్త డబ్ల్యూ ఉంటే ఏ588కి దగ్గరిది. మన దేశపు ప్రమాణం ఐఎస్ 11587, 1986లో వచ్చింది. ఐఆర్ఎస్ఎం 41 రైల్వేది, పెట్టెల గోడలకూ వ్యాగన్లకూ వాడేది. సెయిల్ సంస్థ తన ఉక్కును సెయిల్‌కార్ పేరుతో అమ్ముతుంది.

భాస్వరం ఎక్కువ ఉంటే మేలని ఒకరు, ప్రమాదమని ఒకరు అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే, పని వేరు. భాస్వరం రక్షణ పొరను త్వరగా, చిక్కగా కట్టిస్తుంది. ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కనున్న ఇనుప స్తంభం దాదాపు పదహారు వందల ఏళ్లుగా నిలిచి ఉండటానికి ఒక ముఖ్య కారణం అందులోని భాస్వరమే, సుమారు పావు శాతం. ఐఐటీ కాన్పూర్‌లో ఆచార్యుడిగా పనిచేసిన ఆర్. బాలసుబ్రమణ్యం ఏళ్ల తరబడి ఆ స్తంభాన్ని పరిశీలించి, తుప్పుకూ లోహానికీ నడుమ ఏర్పడిన పలుచటి పొరను వివరించారు.

అదే భాస్వరం మందపాటి ప్లేటులో వెల్డింగు కీలును పెళుసు చేస్తుంది. అందుకే యూరప్ ప్రమాణం డబ్ల్యూపీ రకాన్ని 12 మి.మీ. మందానికే పరిమితం చేసింది. నేను పాటించే పద్ధతి ఇది: 6 మి.మీ. లోపు, బరువు మోయని తొడుగు పలకలకు భాస్వరం ఉన్న రకం. కీలు మీద బరువు ఆధారపడిన ప్రతిచోటా, మందం ఎంతైనా, ఏ588 లేదా ఎస్355 డబ్ల్యూ.

ఇంటి గేటుకు, కాంపౌండు గోడ పలకలకు ఏ గ్రేడు, ఎంత మందం?

గోడ పలకలకు ఏ606 టైప్ 4 లేదా కార్టెన్ ఏ, 3 మి.మీ. మందం. 2 మి.మీ. పలకలు ఎండకు ఉబ్బి అలలు తేలతాయి, మన మే నెల ఎండకు ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 3 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకు 23.5 కిలోలు, గేటు కీళ్లను ఆ లెక్కన ఎంచుకోవాలి. గేటు చట్రానికి మాత్రం ఏ588 పట్టీలు వాడండి. చట్రానికి మామూలు గొట్టాలు, మధ్యలో కార్టెన్ పలక పెట్టే పద్ధతి మా దగ్గర ఎక్కువ. రెండేళ్లకు చట్రం ఒక రంగు, పలక ఇంకో రంగు అవుతాయి. తర్వాత తుప్పు చట్రాన్నే ముందు తినేస్తుంది.

కాలిబాట వంతెన, పెద్ద ఆర్చి, హోర్డింగు స్తంభాలకు? జే0, జే2 అంటే ఏమిటి?

వీటికి ఏ588 గానీ ఎస్355 డబ్ల్యూ గానీ. జే0, జే2 అనేవి చలిలో ఉక్కు పగలకుండా దెబ్బ తట్టుకునే శక్తి. జే0 అంటే సున్నా డిగ్రీల దగ్గర 27 జౌళ్లు, జే2 అంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర అంతే. అనంతపురంలో జనవరి తెల్లవారుజామున కూడా సున్నా మాట లేదు. కాబట్టి కదలని ఆర్చికి, స్తంభానికి జే0 చాలు, జే2 కోసం అదనపు డబ్బు పెట్టక్కర్లేదు. మనుషులు, బండ్లు నడిచే వంతెనకు, గాలికి అటూ ఇటూ ఊగే పెద్ద హోర్డింగుకు అలసట పగుళ్లు (పదేపదే కదలడం వల్ల లోహంలో వచ్చే పగుళ్లు) రావచ్చు. అక్కడ నేను జే2 అడుగుతాను. ఏ588 తీసుకుంటే దెబ్బ పరీక్ష దానంతట అది రాదు, కొనుగోలు పత్రంలో విడిగా రాయాలి.

బలం ఎక్కువ కదా, మామూలు ఉక్కుతో గీసిన డ్రాయింగులో సెక్షన్ తగ్గించుకోవచ్చా?

కొంత, కానీ అనుకున్నంత కాదు. ఐఎస్ 2062లో ఈ250 రకం సాగుబలం 250 మెగాపాస్కల్, ఏ588ది 345. కాగితం మీద మూడో వంతుకు పైగా తేడా. కానీ బరువుకు వంగిపోయే గుణం రెండింటికీ ఒకటే. పొడవైన దూలం వంపు వల్లే పెద్దదైతే గ్రేడు మార్చినా చిన్నది కాదు. పైగా తుప్పు తినే మందం కలపాలి. బ్రిటన్ నిబంధనలు 120 ఏళ్ల వంతెనకు తేలికపాటి వాతావరణంలో గాలికి తెరిచిన ఒక్కో ముఖానికి 1 మి.మీ., కఠిన వాతావరణంలో 1.5 మి.మీ. వదులుకోమంటాయి. ఇంటి గేటుకు ఆ లెక్క అక్కర్లేదు. వంతెన గీసే ఇంజినీరు దీన్ని మరచిపోతే మాత్రం తప్పే.

సోలార్ ప్యానెళ్ల స్టాండ్లకు ఇది మేలా?

ప్యానెళ్ల కింద వాడే పలుచటి మడత సెక్షన్లకు జీఐ (జింకు పూత పూసిన ఉక్కు) మేలు. 2 మి.మీ. సెక్షన్‌లో తుప్పుకు వదులుకోవడానికి మందమే లేదు. జింకు పూత మన పొడి గాలిలో ఏడాదికి ఒక మైక్రాను అటూ ఇటూగా మాత్రమే తరుగుతుంది, 80 మైక్రాన్ల పూత దశాబ్దాలు నిలుస్తుంది. ఓర్వకల్లు వైపు వేల ఎకరాల్లో పరుచుకున్న ప్యానెళ్లను చూసి, ఇక్కడ కార్టెన్ ఎందుకు వాడరని అడిగేవారికి ఇదే నా జవాబు.

పైకప్పు రేకులుగా వేయొచ్చా?

వద్దు. రేకుల అతుకుల మధ్య తడి నిలుస్తుంది, పలుచటి రేకు చిల్లులు పడుతుంది.

## కొనేటప్పుడు

నాకు అమ్మింది నిజంగా కార్టెనేనా? ఎలా తెలుసుకోవాలి?

చూసి తెలుసుకోలేరు. కొత్త ప్లేట్లు అన్నీ నల్లగా నీలిగా ఒకేలా ఉంటాయి, తడిపితే అన్నీ వారంలో ఎర్రబడతాయి. ఒకసారి నేనే మోసపోయాను. కార్టెన్ అని బిల్లు వేసి ఇచ్చిన 4 మి.మీ. ప్లేట్లతో ఒక ముఖద్వారం కట్టాం. రెండో వానాకాలం తర్వాత అరచేతి వెడల్పు పొలుసులు లేచాయి. గోరుతో ఎత్తితే అప్పడంలా ఊడి వచ్చాయి, వెనుక గుంటలు. పరీక్ష చేయిస్తే రాగి 0.04 శాతం. అది ఉత్త మామూలు ఉక్కు. యజమానికి మొత్తం మళ్లీ కట్టి ఇచ్చాను.

అప్పటి నుంచి రెండు పనులు తప్పనిసరి. ఒకటి, మిల్లు టెస్టు సర్టిఫికెట్ తీసుకుని, అందులోని హీటు నంబరు (ఒకే విడతలో కరిగించిన ఉక్కుకు మిల్లు ఇచ్చే సంఖ్య) ప్లేటు మీద కొట్టిన నంబరుతో కలుస్తుందో లేదో స్వయంగా చూడటం. రెండు, ప్రతి హీటు నుంచి ఒక ముక్కను ప్రయోగశాలకు పంపడం. చేతిలో పట్టుకునే ఎక్స్-రే గన్ రాగి, క్రోమియం, నికెల్ బాగానే చెబుతుంది. భాస్వరం మాత్రం దానితో నమ్మకంగా తేలదు, ప్రయోగశాలలో చేసే స్పార్క్ స్పెక్ట్రోమీటర్ పరీక్ష కావాలి.

సర్టిఫికెట్‌లో శాతాలు ఉన్నాయి సరే, వాటిని చూసి గ్రేడు మంచిదో కాదో ఎలా పోల్చాలి?

అమెరికా ప్రమాణం జీ101లో ఒక సూత్రం ఉంది. రాగి, నికెల్, క్రోమియం, సిలికాన్, భాస్వరం శాతాలు వేస్తే ఒక సూచిక వస్తుంది. 6.0 లేదా అంతకు మించితేనే దాన్ని వాతావరణాన్ని తట్టుకునే ఉక్కుగా లెక్కిస్తారు. లెక్క ఇలా: రాగి శాతాన్ని 26.01తో, నికెల్‌ను 3.88తో, క్రోమియాన్ని 1.20తో, సిలికాన్‌ను 1.49తో, భాస్వరాన్ని 17.28తో గుణించి కూడాలి. అందులోంచి రాగి నికెల్ లబ్ధానికి 7.29 రెట్లు, నికెల్ భాస్వరం లబ్ధానికి 9.10 రెట్లు, రాగి వర్గానికి 33.39 రెట్లు తీసేయాలి.

ఏ588 ప్లేటులో రాగి 0.32, నికెల్ 0.20, క్రోమియం 0.50, సిలికాన్ 0.40, భాస్వరం 0.015 ఉంటే 6.6 వస్తుంది. కార్టెన్ ఏ షీటులో రాగి 0.35, నికెల్ 0.20, క్రోమియం 0.60, సిలికాన్ 0.40, భాస్వరం 0.09 ఉంటే సుమారు 8. రాగి 0.05 మాత్రమే ఉన్న మామూలు ఉక్కుకు రెండు దాటడమే కష్టం. ఫోనులోని కాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల పని. లారీ దిగకముందే చేయండి.

రాగి కలిపిన ఐఎస్ 2062 కూడా కార్టెన్ లాంటిదేనని డీలరు అంటున్నాడు. తక్కువ ధరకు వస్తోంది.

లాంటిదే కానీ అది కాదు. ఐఎస్ 2062లో అడిగితే 0.20 నుంచి 0.35 శాతం రాగి కలిపి ఇస్తారు. మామూలు ఉక్కు కంటే కచ్చితంగా మెరుగు. క్రోమియం, నికెల్ లేకపోవడం వల్ల రాగి 0.25 ఉన్నా జీ101 సూచిక ఐదున్నర లోపే ఆగిపోతుంది. రంగు వేసే కట్టడానికి మంచి ఎంపిక. రంగు లేకుండా వదిలే కట్టడానికి తీసుకోవద్దు.

చిన్న పనికి తక్కువ సరుకు ఎక్కడ దొరుకుతుంది?

అనంతపురం వారికి బెంగళూరు, కర్నూలు వారికి హైదరాబాదు, కడప వారికి చెన్నై దగ్గర. మూడూ రెండు వందల పైచిలుకు కిలోమీటర్లే. నిల్వ వ్యాపారుల దగ్గర 3, 5, 6, 8 మి.మీ. ప్లేట్లు సులువుగా దొరుకుతాయి. యాంగిల్, ఛానెల్, గొట్టాలు కష్టం. కాబట్టి డిజైనును ప్లేటు కోసి మడిచి చేసుకునేలా గీయించుకోవడం తెలివైన పని. చట్రానికి గొట్టం దొరకలేదని చివరి నిమిషంలో మామూలు గొట్టం వేయడం నేను చూసిన తప్పుల్లో మొదటిది.

## షాపులో పని జరిగేటప్పుడు

మామూలు వెల్డింగు రాడ్ వాడితే ఏమవుతుంది?

కీలు బలంగానే ఉంటుంది, రంగు కలవదు, గాలికి తెరిచిన కీలు ముందు తుప్పు పడుతుంది. ఒకే పూతలో (ఒక్కసారి వెల్డు చేయడంతో) అయిపోయే 6 మి.మీ. లోపు మూల కీళ్లకు 7018 రాడ్ (తక్కువ హైడ్రోజన్ ఉండే మామూలు రాడ్) చాలు. కరిగిన ప్లేటులోని రాగి, క్రోమియం కీలులో కలిసి సరిపెడతాయి. పలు పూతలు వేసే మందపాటి కీళ్లలో లోపలి పూతలకు 7018 వాడి, బయటికి కనిపించే చివరి రెండు పూతలకు ఈ ఉక్కుకు తగిన 8018-డబ్ల్యూ2 రాడ్ వాడితే ఖర్చు తగ్గుతుంది, రంగూ కలుస్తుంది. రాడ్లు ఓవెన్‌లో ఆరబెట్టి వాడాలి. తక్కువ హైడ్రోజన్ రాడ్ వాడితే మన వాతావరణంలో 38 మి.మీ. వరకు ఏ588ను ముందుగా వేడి చేయాల్సిన అవసరం సాధారణంగా రాదు.

జీఐ బోల్టులు వేయొచ్చా?

వద్దు. జింకు ముందు కరిగిపోతుంది, ఆ తర్వాత బోల్టు తుప్పు పడుతుంది. బరువు మోసే కీళ్లకు ఏ325 టైప్ 3 బోల్టులు అడగండి, అవి ఇదే రకం ఉక్కు. తొడుగు పలకలకు స్టెయిన్‌లెస్ బోల్టులు పర్వాలేదు. పెద్ద పలకకు చిన్న బోల్టు కాబట్టి హాని పెద్దగా ఉండదు.

బోల్టుల మధ్య దూరం దీనిలో చాలా ముఖ్యం. పలుచటి ప్లేటు మందానికి 14 రెట్లు, లేదా సుమారు 180 మి.మీ., ఏది తక్కువైతే అది మించకూడదు. అంచు నుంచి దూరం మందానికి 8 రెట్లు, లేదా సుమారు 125 మి.మీ. మించకూడదు. దూరం ఎక్కువైతే రెండు ప్లేట్ల మధ్య నీరు చేరి తుప్పు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ప్లేటును వంచుతుంది, బోల్టును తెంపనూ గలదు.

మడత వేస్తే అంచు పగిలింది. ఎందుకు?

వంపు మరీ బిగువుగా ఉంది. 6 మి.మీ. లోపు మందానికి లోపలి వంపు వ్యాసార్ధం కనీసం మందానికి రెండింతలు, 6 నుంచి 12 మి.మీ. వరకు మూడింతలు ఉంచాలి. రోలింగు దిశకు (మిల్లులో ప్లేటును సాగదీసిన దిశకు) అడ్డంగా మడవాలి.

షాట్ బ్లాస్టింగ్ (సన్నటి ఉక్కు గుళ్లు వేగంగా కొట్టి పైపొర తీయడం) ఖర్చు తప్పించుకోవచ్చా?

ఎవరూ చూడని చోటైతే తప్పించుకోవచ్చు. మిల్లు నుంచి వచ్చిన నల్లటి పొర వానకు తనంతట తనే రాలుతుంది, కానీ పులిచారల్లా. కొన్నిచోట్ల ఎర్రగా, కొన్నిచోట్ల నల్లగా రెండు మూడేళ్లు అలాగే ఉంటుంది. ముఖద్వారానికి, గోడకు ఎస్ఏ 2.5 స్థాయి (దాదాపు ఉత్త లోహం తేలేదాకా) బ్లాస్టింగ్ చేయించండి. నూనె మరకలు, చాక్‌పీసు రాతలు, స్టిక్కర్ల జిగురు ముందే తుడిపించండి. కొలత కోసం పెయింటు పెన్నుతో రాసిన అంకె నాలుగేళ్ల తర్వాత కూడా గోడ మీద చదవగలిగేలా ఉండటం నేను చూశాను.

## నిలబెట్టేటప్పుడు

స్తంభాన్ని నేరుగా నేలలో పాతవచ్చా?

వద్దు. మట్టిలో తడి ఆరదు, ఆరని చోట ఈ ఉక్కు మామూలు ఉక్కే. కర్నూలు వైపు నల్లరేగడి వానాకాలం పొడవునా తేమ పట్టి ఉంచుతుంది. చౌడు నేలలో ఉప్పు కూడా కలుస్తుంది. నేల నుంచి కనీసం 150 మి.మీ. ఎత్తుకు కాంక్రీటు దిమ్మె లేపి, దాని పైభాగం నీరు జారేలా వాలుగా చేసి, బేస్ ప్లేటు (స్తంభం అడుగున వెల్డు చేసిన పలక) దాని మీద బిగించండి. పాతక తప్పదంటే పాతిన భాగానికి, నేల పైన ఒక అడుగు వరకు ఎపాక్సీ పూత వేయించండి.

కింద కడప నాపరాయి పరిచాం. మరకలు పడతాయా?

తప్పక పడతాయి. మొదటి రెండు వానాకాలాల్లో పలక మీంచి జారే నీరు టీ డికాషన్ రంగులో ఉంటుంది. ఒక ఇంటి వాకిట్లో నల్లటి కడప బండల మీద ఆ నీరు చుక్కలు చుక్కలుగా పడి ఎర్రటి గీత ఏర్పడింది. శుభ్రం చేయడానికి వచ్చినవారు బాత్రూమ్ యాసిడ్ పోశారు. బండ బుసబుస పొంగింది, మరక పోయింది, దానితోపాటు మెరుగూ పోయింది. అద్దంలా మెరిసే నల్లటి బండల మధ్య ఒక బూడిదరంగు పట్టీ మిగిలింది. కడప నాపరాయి, బేతంచెర్ల బండలు, తాడిపత్రి బండలు అన్నీ సున్నపురాళ్లే. ఏ ఆమ్లమైనా వాటిని తినేస్తుంది. మరక పడ్డాక దారి ఒక్కటే, పాలిష్ మిషన్‌తో పైపొర తీయించడం.

పడకుండా చేయడమే సులువు. పలక అడుగు అంచును గోడకు 20 మి.మీ. బయటికి తెచ్చి నీటి బొట్టు అక్కడే తెగిపడేలా చేయండి. ఆ బొట్టు పడేచోట బండలు వేయకుండా ఒక అడుగు వెడల్పు కంకర పట్టీ వదిలి, కింద నీరు పోయే గొట్టం పెట్టండి. తెల్ల సున్నం గోడకు, లేత గ్రానైట్‌కు ఆనించి ఈ ఉక్కు కట్టవద్దు.

గొట్టాలు, పెట్టె ఆకారపు స్తంభాలు లోపల తుప్పు పడతాయా?

మూసేయండి, లేదా పూర్తిగా తెరవండి. నడిమధ్య పద్ధతి పనికిరాదు. అన్ని కీళ్లూ ఎడతెగకుండా వెల్డు చేసి మూసిన గొట్టంలో గాలి అయిపోయాక తుప్పు ఆగుతుంది. అలా మూయలేకపోతే అడుగున 25 మి.మీ. రంధ్రం పెట్టి, పైన గాలి ఆడే దారి ఉంచండి. చెట్ల కింద ఉంటే ఆ రంధ్రాన్ని ఏడాదికోసారి చూడాలి. ఒక వేపచెట్టు రాల్చిన ఆకు చాలు దాన్ని మూసేయడానికి.

## నిలబెట్టాక

ఉప్పు, వెనిగర్ కలిపి కొడితే వారంలో రంగు వస్తుందని చూశాం. చేయొచ్చా?

రంగు వస్తుంది, దాంతోపాటు ఉప్పు ప్లేటు మీద ఉండిపోతుంది. సముద్రానికి ఇంత దూరంలో ఉండి ఉప్పును మనమే కొని పూయడం ఎందుకు? బ్లాస్టింగ్ చేసిన ప్లేటును ఉదయం ఒకసారి సన్నటి జల్లుగా తడపండి, ఎండకు పూర్తిగా ఆరనివ్వండి, సాయంత్రం మళ్లీ తడపండి. రెండు మూడు వారాల్లో సమంగా నారింజ రంగు పడుతుంది. వాన నీరు గానీ, ఉప్పదనం లేని మంచినీరు గానీ వాడాలి. అనంతపురంలో చాలా బోర్ల నీళ్లు ఇందుకు పనికిరావు.

పొర సరిగ్గా కట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?

సెల్లో టేపు అంటించి, వేలితో గట్టిగా రుద్ది, ఊడబెరకండి. టేపుకు అంటిన రేణువులు 1 మి.మీ. లోపు, సన్నటి పిండిలా, సమంగా ఉంటే పొర బాగుంది. 5 మి.మీ. వరకు గింజల్లా వస్తే పర్వాలేదు, గమనిస్తూ ఉండండి. 5 నుంచి 25 మి.మీ. పొలుసులు వస్తే ఆ చోట నీరు నిలుస్తోంది, కారణం వెతకాలి. అంతకంటే పెద్ద పొరలు పుస్తకం పుటల్లా లేస్తే మందం కొలిపించి మరమ్మతు చేయించాలి. టేపు పరీక్ష ఎప్పుడూ నడిమి పలక మీద కాదు, అడుగు అంచున, కీలు పక్కన, నీడ పడే ఉత్తరం వైపున చేయండి. చెడేది ముందు అక్కడే.

గీతలు పడ్డాయి, ఎవరో పేర్లు చెక్కారు. రంగు వేయాలా?

ఏమీ చేయక్కర్లేదు. రెండు వానలకు గీత మళ్లీ పొరలో కలిసిపోతుంది. స్ప్రే రంగుతో రాసినవైతే ఆ పలక మొత్తం బ్లాస్టింగ్ చేయించి మళ్లీ తడిపి ఆరబెట్టాలి. ఒక్క మచ్చనే గీకితే మచ్చ అలాగే కనిపిస్తుంది.

చేతికి, చీరకొంగుకు ఎరుపు అంటుతోంది. వార్నిష్ కొట్టొచ్చా?

మొదటి రెండు మూడేళ్లు అంటుతుంది. గుడి ముందు, బడి ముందు, బస్టాండులో జనం ఆనుకునే ఎత్తు వరకు పారదర్శక పాలియురెథేన్ పూత కొట్టించవచ్చు. అయితే పూత ఉన్నచోట పొర కట్టడం ఆగిపోతుంది, ఎండకు పూత పెళుసెక్కి లేస్తే మూడు నాలుగేళ్లకోసారి మళ్లీ కొట్టాలి. మన ఎండలు ఆ పూతను త్వరగా తింటాయి. నేనైతే కూర్చునే బల్లలకు, చేతిపట్టీలకు ఈ ఉక్కే వాడను. వాటికి టేకు చెక్క గానీ స్టెయిన్‌లెస్ గానీ పెట్టి, ఉక్కును చేతికి అందని చోట నిలబెడతాను.